తింటున్నట్టే ఉన్నా చిక్కిపోతున్న పెట్ట: మందుకు ముందు తెలుసుకోవలసినవి

మీరు చెప్పిన వివరాలను ముందుగా ఒకచోట చేరుస్తాను, ఎందుకంటే నేను రాయబోయేదంతా వాటి మీదనే ఆధారపడి ఉంటుంది. మీ పెరట్లో అయిదు కోళ్లున్నాయి. నాలుగు నాటు పెట్టలు, ఒక్కటి మాత్రం గ్రామప్రియ అనే పెరటి రకం పెట్ట, దాని వయసు రెండేళ్లు. ఆ గ్రామప్రియ మూడు వారాలుగా గుడ్డు పెట్టడం మానేసింది. తలమీది ఎర్రని జుట్టు పాలిపోయింది, రెట్ట ఆకుపచ్చగా నీళ్లనీళ్లగా పడుతోంది, మధ్యాహ్నం వేళ రెక్కలు వాల్చి గోడవార నిలబడిపోతోంది, చేతిలోకి తీసుకుంటే మునుపటి బరువు లేదు. మేత మాత్రం తింటున్నట్టే ఉంది. మిగతా నాలుగూ హుషారుగా ఉన్నాయి. అన్నింటికీ నూకలు, మిగిలిన అన్నం, పెరట్లో దొరికే పురుగూ పుట్రా ఆహారం. దుకాణంలో ఇచ్చిన పైపరజిన్ అనే పురుగుల మందు ఒకసారి తాగించారు, మార్పు రాలేదు. ఇప్పుడు యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపి పెట్టమని ఎవరో చెప్పారు, పెట్టవచ్చా అని అడిగారు.

ఇప్పుడే పెట్టవద్దని నా సలహా. యాంటీబయాటిక్ ఎప్పుడూ వాడకూడదని కాదు. అది పనిచేసే జబ్బులు కోళ్లకు చాలానే ఉన్నాయి. కానీ మీరు చెప్పిన లక్షణాలు కనీసం అరడజను వేర్వేరు కారణాల వల్ల రాగలవు, వాటిలో సగానికి పైగా కారణాలకు ఆ పొడి ఏమీ చేయదు. పైగా, నీళ్లలో కలిపిన మందు జబ్బు కోడి కడుపులోకి ఎంత వెళ్తుందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే జబ్బు కోడి అన్నింటికంటే తక్కువ తాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాలుగే ఎక్కువ తాగుతాయి, వాటి గుడ్లను మీ ఇంట్లో పిల్లలు తింటారు.

మీ మాటల్లో నన్ను ఆపినది "తింటున్నట్టే ఉంది" అన్న మాట. చిక్కిపోతున్న కోడి విషయంలో తేల్చవలసిన మొదటి సంగతి అదే, తేల్చకుండా వదిలేసేదీ అదే. కోడి నిజంగా కడుపునిండా తింటూ చిక్కిపోవడం ఒక రకం వ్యాధి; తింటున్నట్టు కనిపిస్తూ తినకపోవడం పూర్తిగా వేరే రకం. కోళ్లు జబ్బును దాచుకుంటాయి. మందలో నీరసంగా కనిపించిన కోడిని మిగతావి పొడిచి తరుముతాయి కాబట్టి, మేత చల్లగానే అది కూడా పరుగెత్తుకొస్తుంది, నేలను గీరుతుంది, ముక్కుతో గింజలను అటూ ఇటూ కదుపుతుంది, ఒకటి రెండు మింగుతుంది, తరువాత వెనక్కి జరుగుతుంది. దూరం నుంచి చూసేవారికి అది తింటున్నట్టే ఉంటుంది. మీ పెట్ట రెట్ట ఆకుపచ్చగా ఉందన్న మాట నాకు ఈ అనుమానాన్నే కలిగిస్తోంది. పేగుల్లో ఆహారం లేనప్పుడు పిత్తరసం ఒక్కటే తెల్లని మూత్రపదార్థంతో కలిసి బయటికి వస్తుంది, రెట్ట ముదురు ఆకుపచ్చగా, పలచగా పడుతుంది. కొక్కెర తెగులులోనూ ఆకుపచ్చ పారుడు ఉంటుంది గానీ, అది మూడు వారాల పాటు ఒక్క కోడిలోనే మెల్లగా సాగదు. టీకా పడని మందలో రోజుల వ్యవధిలో ఒకదాని తరువాత ఒకటి పడిపోతాయి.

కాబట్టి ఈ రాత్రే దానిని వేరు చేయండి. పెద్ద గంప కింద గానీ, గాలి వెలుతురు వచ్చే అట్టపెట్టెలో గానీ, అడుగున పాత వార్తాపత్రికలు పరచి ఉంచండి. మిగతా కోళ్ల అరుపులు వినపడేంత దగ్గరలో పెడితే బెంగపడదు. ఉదయం లేవగానే, మేత పెట్టకముందు, వంటింటి తూకం మీద పళ్లెం పెట్టి దానిని తూచి, గ్రాముల్లో రాసుకోండి. ఆపైన ఒక గిన్నెలో 120 గ్రాముల మేత, మరో గిన్నెలో కొలిచిన నీళ్లు పెట్టి, మరునాడు అదే వేళకు మిగిలినది తూచండి. మంచి ఆరోగ్యంతో గుడ్డు పెడుతున్న కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది, దానికి దాదాపు రెట్టింపు నీళ్లు తాగుతుంది; వేసవిలో నీళ్లు ఇంకా ఎక్కువ. గుడ్డు మానేసిన కోడి తక్కువ తిన్నా 70, 80 గ్రాములకు తగ్గకూడదు. మీ పెట్ట 30 గ్రాములు తిని ఊరుకుంటే మీ ప్రశ్నే మారిపోతుంది: "తింటున్నా ఎందుకు చిక్కిపోతోంది" అన్నది పోయి "ఎందుకు తినలేకపోతోంది" అన్నది వస్తుంది. అలా రెండు రోజులు చూస్తే పత్రికల మీద పడిన రెట్ట కూడా మీకు స్పష్టంగా కనిపిస్తుంది. మందలో ఏ రెట్ట ఎవరిదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

రెట్ట చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆరోగ్యమైన కోడి కూడా ప్రతి ఎనిమిది, పది రెట్టలకు ఒకసారి గోధుమరంగులో, జిగటగా, దుర్వాసనతో ఒకటి వేస్తుంది. అది పెద్దపేగు మొదట్లో ఉండే తిత్తుల నుంచి వచ్చేది, దానిని చూసి భయపడనక్కరలేదు. మామూలు రెట్ట గట్టిగా ఉండి పైన తెల్లని టోపీ ఉంటుంది. గింజలు అరగకుండా అలాగే పడుతుంటే కందనకాయ సరిగా నూరడం లేదన్నమాట. ఎర్రని నెత్తురు కనిపిస్తే రక్తపారుడును అనుమానించాలి, అయితే అది ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల జబ్బు. రెండేళ్ల పెట్టకు అది మొదటి అనుమానం కాకూడదు.

తరువాత చేతులతో పరీక్ష. కోడిని ఒళ్లో పెట్టుకుని అరచేతిని రొమ్ము కింద ఆనించండి. మధ్యలో ముందునుంచి వెనక్కి పోయే ఎముక ఉంటుంది, దానికి రెండు వైపులా కండ ఉండాలి. బాగున్న పెట్టలో కండ గుండ్రంగా ఉబ్బి, ఎముక అంచు వేలికి కొంచెమే తగులుతుంది. కండ పలచబడితే ఎముక పైకి పొడుచుకొస్తుంది, పూర్తిగా తరిగిపోతే రెండు పక్కలా గుంటపడి ఎముక కత్తి అంచులా తగులుతుంది. ఆ వెంటనే ఒక నాటు పెట్టను పట్టుకుని అదే చోట తడమండి. పుస్తకం చెప్పే ఏ వర్ణన కన్నా ఆ తేడా మీకు ఎక్కువ నేర్పుతుంది.

తూకం కన్నా రొమ్ము కండనే నమ్మమని నేను చెప్పడానికి బలమైన కారణం ఉంది. కడుపులో నీరు చేరిన కోడి తూకంలో బరువుగానే ఉంటుంది, కొన్నిసార్లు మునుపటి కన్నా ఎక్కువే తూగుతుంది, కానీ రొమ్ము మీద కండ ఉండదు. అందుకే రొమ్ము తడిమిన వెంటనే చేతిని వెనక్కి జరిపి, కాళ్ల మధ్య కడుపును మెత్తగా నొక్కి చూడాలి. ఆరోగ్యంగా ఉంటే కడుపు మెత్తగా, కొద్దిగా లోపలికి ఉంటుంది. నీళ్లు నిండినట్టు ఊగుతూ ఉంటే, గట్టి ముద్ద తగిలితే, లేదా వేడిగా బిగుసుకుని ఉంటే, గుడ్డు సంచికి సంబంధించిన జబ్బును మొదట అనుమానించాలి. గ్రామప్రియ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయంలో పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకమిది. నాటు పెట్ట ఏడాదికి 60, 80 గుడ్లు పెడితే ఇది 200 దాకా పెడుతుంది. అంత శ్రమ చేసే గుడ్డు సంచి రెండో ఏడు దాటాక అలసిపోతుంది. పచ్చసొన గుడ్డు దిగే నాళంలోకి జారకుండా కడుపులో పడిపోవడం, అక్కడ చీము పట్టడం, నాళంలోనే పెచ్చులు పెచ్చులుగా పేరుకుపోవడం ఈ వయసులో గుడ్లకోళ్లలో తరచుగా చూసేవే. అలాంటి పెట్ట నిటారుగా, తోక కిందికి వాల్చి నిలబడుతుంది, నడక బరువెక్కుతుంది, గుడ్డు ఆగిపోతుంది, తిండి తగ్గుతుంది. మానేయడానికి ముందు మెత్తటి పెంకు గుడ్లు గానీ, పెంకు లేని గుడ్లు గానీ పెట్టిందా అన్నది గుర్తుచేసుకుని రాసిపెట్టుకోండి, డాక్టరు గారు తప్పక అడుగుతారు.

అక్కడే రెట్ట వేసే ద్వారానికి రెండు పక్కలా సన్నని ఎముకల కొనలు వేళ్లకు తగులుతాయి. గుడ్డు పెడుతున్న పెట్టలో వాటి మధ్య రెండు, మూడు వేళ్లు పట్టే దూరం ఉంటుంది. మానేసిన దానిలో అవి దగ్గరకు వస్తాయి. ఈ కొలత ఎందుకంటే, మీరు జుట్టు పాలిపోయిందన్నారు. గుడ్డు ఆపిన ప్రతి పెట్టకూ జుట్టు ముడుచుకుని రంగు తగ్గుతుంది, అది సహజం. కాబట్టి జుట్టు ఒక్కదానినే చూసి నెత్తురు తగ్గిందని అనకండి. ముక్కు తెరచి నోటి లోపలి చర్మాన్ని, కింది రెప్పను కొద్దిగా దించి దాని లోపలి పొరను చూడండి. అవి కూడా తెల్లబడి ఉంటే అప్పుడు నిజంగా రక్తహీనత ఉన్నట్టు. నోరు తెరిచినప్పుడే నాలుక మీద, దవడల లోపల పసుపురంగు పెచ్చులు ఉన్నాయేమో, నాలుక కింద దారం చుట్టుకుందేమో కూడా చూడాలి. ఎంతోమంది చూడని చోటు అది; మింగలేని కోడికి ఏ మందు పోసి ఏం లాభం?

మెడ అడుగున, రొమ్ముకు కాస్త కుడివైపుగా, మేతసంచి ఉంటుంది. దీనిని రెండుసార్లు చూడాలి: చీకటి పడ్డాక ఒకసారి, తెల్లవారి మేత పెట్టకముందు ఒకసారి. సాయంత్రం నిండుగా ఉండి, ఉదయానికి ఖాళీ అయితే ఆ దారి బాగున్నట్టే. సాయంత్రం కూడా ఖాళీగా ఉంటే కోడి తినడం లేదు, లేదా మిగతావి తిననివ్వడం లేదు. ఉదయం కూడా గట్టి ముద్దగా మిగిలి ఉంటే లోపల పొడవాటి గడ్డి, కొబ్బరి పీచు, ప్లాస్టిక్ దారం వంటిది ఇరుక్కుని ఉండవచ్చు. ఉదయం మెత్తగా నీళ్లసంచిలా ఉండి, నోటినుంచి పులిసిన వాసన వస్తే, అక్కడ ఈస్ట్ పెరిగిందని అర్థం. ఇలాంటప్పుడు కోడిని తలకిందులుగా పట్టి కక్కించే పని చాలామంది చేస్తారు. దయచేసి మీరు చేయకండి. లోపలి నీరు గాలిగొట్టంలోకి పోతే కోడి మీ చేతుల్లోనే ఊపిరాడక చనిపోతుంది. మరొక మాట: మేతసంచి కదలకపోవడం తరచుగా అసలు జబ్బు కాదు, కింద ఇంకేదో చెడిపోయినందువల్ల పైన ఆగిపోవడం, అందుకే సంచి ఖాళీ చేయించి ఊరుకోవడం సరిపోదు.

ఇక పురుగుల సంగతి. మీకు ఇచ్చిన పైపరజిన్ పేగుల్లో ఉండే పెద్ద ఏలికపాముల మీద మాత్రమే బాగా పనిచేస్తుంది. పేగు గోడలో తలదూర్చుకుని ఉండే సన్నని వెంట్రుక పురుగులను అది తీయలేదు. బద్దెపురుగుల మీద దానికి ప్రభావం లేదు. పెరట్లో తిరిగే కోడికి బద్దెపురుగులు చీమలు, పేడపురుగులు, నత్తల వంటివి తినడం వల్ల వస్తాయి, అంటే మీరు గూడు ఎంత శుభ్రంగా ఉంచినా రావచ్చు. వాటిలో కొన్ని రకాలు పేగు గోడలో కణుపులు లేపుతాయి. కోడి తింటుంది, తిన్నది ఒంటికి పట్టదు. ఉదయం తాజాగా పడిన రెట్టను వెలుతురులో చూడండి. బియ్యపు గింజ కన్నా చిన్నవైన తెల్లని ముక్కలు నెమ్మదిగా కదులుతూ కనిపిస్తే అవి బద్దెపురుగు తునకలే. పశువైద్యశాలలో రెట్టను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి ఏలికపాము గుడ్లను సులభంగా పోల్చుతారు, కానీ బద్దెపురుగు గుడ్లు ఆ తునకల లోపలే మూసుకుని ఉండడం వల్ల ఒక్కసారి పరీక్షలో దొరకకపోవచ్చు. అందుచేత పరీక్షలో ఏమీ లేదన్నా, మీరు కళ్లారా తునకలను చూసి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. ప్రాజిక్వాంటెల్ వంటి మందును తూకం చూసి డాక్టరు గారు ఇస్తారు. ఏలికపాములకు ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ వంటివి ఉన్నాయి. ఏది ఇచ్చినా, ఎన్ని రోజుల దాకా గుడ్లు తినకూడదో అప్పుడే అడిగి తెలుసుకోండి. మరో ముఖ్యమైన విషయం: పురుగు గుడ్లు పెరటి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. మందు ఒక్క కోడికి ఒక్కసారి పోసి ఆపితే, కొద్ది వారాల్లో పరిస్థితి మొదటికి వస్తుంది.

నోటి లోపల తెల్లబడి ఉంటే మాత్రం, పురుగుల కన్నా ముందు పిడుదులను అనుమానించమంటాను. మన పల్లెల్లో మట్టిగోడ గూళ్లు, పగుళ్లిచ్చిన చెక్క తలుపులు, వెదురు కప్పులు ఉన్నచోట కోడి పిడుదులు తరతరాలుగా కాపురం ఉంటాయి. పగలు కోడి ఒంటి మీద వెతికితే పెద్దవి దొరకవు. అవి పగుళ్లలో దాగి, రాత్రి మాత్రమే బయటికి వచ్చి, అరగంట గంటలో నెత్తురు తాగి మళ్లీ లోపలికి పోతాయి. తిండి లేకుండా ఏడాది దాటి కూడా బతకగలవు. పిల్ల పిడుదులు మాత్రం రెక్కల కింద కొన్ని రోజులు అంటుకుని ఉంటాయి. అందుకే రాత్రి పది దాటాక టార్చి తీసుకుని గూటిలోకి వెళ్లి, కోళ్లు కూర్చునే కర్ర అడుగుభాగం, మూలలు, తలుపు సందులు చూడండి. వేలిగోరంత చదునైన బూడిదరంగు పిడుదులు, లేక సూదిమొనంత ఎర్రని పేలు పరుగెత్తుతూ కనిపిస్తాయి. కోడి ఒంటి పేలు వేరు. అవి రెట్ట ద్వారం చుట్టూ ఈకల మొదట్లో తెల్లని గుడ్లను గుత్తులుగా అంటిస్తాయి. పిడుదులు నెత్తురు తాగడంతో ఆగవు, ఒక రకం మెలికల క్రిమిని కూడా ఎక్కిస్తాయి. దానివల్ల కోడికి తీవ్రమైన జ్వరం, ఆకుపచ్చ పారుడు, కాళ్లు పడిపోవడం వస్తాయి. ఆ జబ్బుకు పెన్సిలిన్ చక్కగా పనిచేస్తుంది. అయితే అది సాధారణంగా కొద్ది రోజుల్లో తేలిపోయే జబ్బు, మూడు వారాలు సాగేది కాదు. జ్వరం ఉందా లేదా అన్నది చేతితో చూసి చెప్పవద్దు; కోడి ఒళ్లు మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వేడిగానే తగులుతుంది.

పిడుదులు కనిపిస్తే మందు కోడికి తక్కువ, గూటికి ఎక్కువ. పగుళ్లన్నీ మట్టితో గానీ సిమెంటుతో గానీ పూడ్చి, సున్నం కొట్టి, పాత చెక్కలను తీసి కాల్చేయాలి. బొద్దింకలకు కొట్టే మందును కోళ్ల మీద చల్లకండి.

మీరు మేత గురించి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, నేను అక్కడ కొంచెం ఆగాలి. నూకల్లో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్లు మాత్రమే. గుడ్డు పెట్టే కోడికి మేతలో 16 నుంచి 18 పాళ్లు కావాలి. ఒక్కొక్క గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు, పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం బయటికి పోతాయి. నూకల్లో కాల్షియం దాదాపు లేనట్టే. లోటును కోడి ఎక్కడినుంచి తెస్తుంది? మాంసకృత్తులను రొమ్ము కండనుంచి, కాల్షియంను తన ఎముకలనుంచి. అదే మేత తింటున్న నాటు పెట్టలు ఎందుకు బాగున్నాయన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు ఉంది: అవి పెట్టే గుడ్లు తక్కువ, కొన్నాళ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటాయి, ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది. గ్రామప్రియ సాధారణంగా పొదగదు. ఏడాది పొడవునా ఇస్తూనే ఉంటుంది. ఒకే గిన్నెలోని నూకలు ఒకదానికి సరిపోయి మరొకదానిని లోలోపల కరిగించడం నేను పనిచేసిన ఊళ్లలో ఎన్నో పెరళ్లలో చూశాను, దానిని మందుతో నయం చేయబోయి విసిగిపోయినవారినీ చూశాను. అయినా ఒక్క లోటు మేతే మీ పెట్టను రెక్కలు వాల్చి నిలబడేలా చేసిందని నేను అనుకోవడం లేదు. బలం తగ్గిన ఒంటిని మరొక జబ్బు పట్టుకున్నదని అనుకుంటున్నాను.

మేతకు బూజు పట్టిందేమో కూడా చూడండి. వానాకాలంలో తేమ తగిలిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కలో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. 1960లో ఇంగ్లండులో వేలకొద్దీ టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు కారణం వేరుశనగ పిండిలో ఉన్న ఈ విషమేనని తేలింది. బూజు వాసన వస్తే కడిగి పెట్టే ప్రయత్నం చేయకుండా పారేయడమే మేలు. పెరట్లో పాత బ్యాటరీలు, పెచ్చులూడే రంగు తలుపులు ఉంటే వాటినీ తీసివేయండి. సీసం మింగిన కోడి కూడా ఇలాగే ఆకుపచ్చ రెట్టలు వేస్తూ చిక్కిపోతుంది.

కోళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస చాలా కఠినంగా ఉంటుంది. నాలుగు నాటు పెట్టల మధ్య ఒక్క పరాయి రకం పెట్ట వెనకబడడం సహజం. వేరుగా పెట్టిన రెండు రోజుల్లో అది గిన్నె ఖాళీ చేసి, రెట్ట గట్టిపడి, తూకం కొంచెం పెరిగితే, జబ్బు కోడిలో కాదు, మేత పెట్టే పద్ధతిలో ఉందని తెలుస్తుంది. అప్పుడు రెండు చోట్ల, ఒకదానికొకటి కనపడకుండా మేత పెట్టడమే వైద్యం. ఈకలు రాల్చే కాలంలో కూడా పెట్టలు గుడ్డు మాని కొంత తగ్గుతాయి; మెడమీద, వీపుమీద కొత్త ఈకల ములుకులు కనిపిస్తే అది కూడా లెక్కలోకి తీసుకోండి. కానీ ఈకలు రాల్చే కోడి మధ్యాహ్నం రెక్కలు వాల్చి నిలబడదు.

ఇప్పుడు కష్టమైన మాట. గిన్నె ఖాళీ అవుతూ ఉండి, మేతసంచి రోజూ నిండి ఖాళీ అవుతూ, పురుగులు లేక, పిడుదులు లేక, కడుపు మెత్తగానే ఉండి, అయినా రొమ్ము కండ వారం వారం తరిగిపోతుంటే, పక్షుల క్షయను, కణుతులు పెరిగే జబ్బులను తలచక తప్పదు. పక్షుల క్షయ ఏడాది దాటిన కోళ్లలో మెల్లగా సాగుతుంది. తిండి బాగానే తింటూ ఎముకల గూడై, కొన్నిసార్లు కుంటుతూ చనిపోతాయి. దానికి కోళ్లలో వైద్యం చేయరు. క్రిమి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది, రెట్ట ద్వారా మిగతావాటికి పాకుతుంది. కణుతుల జబ్బుల్లో ఒకటైన మారెక్స్ వ్యాధి అయితే ఒక కాలు ముందుకు ఒక కాలు వెనక్కి చాచి పడిపోవడం, కంటిపాప చుట్టూ బూడిదరంగు తిరగడం కనిపించవచ్చు, కానీ అది ఎక్కువగా ఇంతకన్నా చిన్న వయసులో వస్తుంది. ల్యూకోసిస్ అనే మరో కణుతుల జబ్బులో కాలేయం బాగా పెరిగి కడుపులో చేతికి తగులుతుంది. ఇవి బతికున్న కోడిలో ఖాయంగా చెప్పడం కష్టం. అటువంటి స్థితిలో బాధ పొడిగించకుండా డాక్టరు గారి చేత ప్రశాంతంగా ముగించడం మీ ప్రేమకు విరుద్ధం కాదు. ఆ తరువాత శవపరీక్ష తప్పక చేయించండి. మిగతా నాలుగింటి భవిష్యత్తు దానిమీద ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో ఇది చేస్తారు. కోడిని గడ్డకట్టించకుండా, రెండు పొరల సంచిలో మంచుముక్కల మధ్య పెట్టి, వీలైతే అదే రోజు చేర్చాలి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అంచనా ఏమిటని అడిగితే, మొదటి స్థానంలో గుడ్డు సంచి జబ్బును, ఆ వెంటనే బద్దెపురుగులను పెడతాను, రెండింటి వెనుకా నూకల మేత ఉందంటాను. కడుపు మీద మీ చేయి పెట్టగానే ఈ వరస తారుమారు కావచ్చు.

ఈ రెండు రోజులూ దానిని ఎలా చూసుకోవాలన్నది కూడా అంతే ముఖ్యం. జబ్బు కోడి ఒంటి వేడిని నిలుపుకోలేదు. చలికాలమైతే పెట్టెకు ఒక మూలన 60 వాట్ల బల్బు వేలాడదీసి, కోడి కావాలంటే దూరం జరగగలిగేలా చోటు వదలండి. ఎండాకాలమైతే బల్బు మాట తలపెట్టకుండా నీడలో, గాలి తగిలేచోట ఉంచండి. ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో కలిపిన ఓఆర్‌ఎస్ కొన్ని గంటలు పెట్టి, తరువాత మామూలు నీళ్లు పెట్టండి. గుడ్లకోళ్ల కోసం అమ్మే లేయర్ దాణాను గోరువెచ్చని నీళ్లతో తడిపి, ఉడికించిన గుడ్డు చిదిమి కలిపి, కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదు సార్లు తాజాగా పెడితే చాలా కోళ్లు ఆశపడి తింటాయి. పక్కన గుల్ల పొడి, చిన్న గులకరాళ్లు వేరే గిన్నెలో ఉంచండి. నోరు తెరిచి నీళ్లు పోయకండి. కోడి నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరచుకుని ఉంటుంది. తాగకపోతే ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క వేసి, అది మింగిన తరువాతే ఇంకొక చుక్క వేయాలి. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, పిల్లలను దానిని ముద్దు పెట్టుకోనివ్వకండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే రెండు రోజులు ఆగవద్దు: నోరు తెరచి ఊపిరి తీయడం, లేచి నిలబడలేకపోవడం, రెట్ట ద్వారం నుంచి కండ గానీ గుడ్డు గానీ బయటికి వచ్చి ఆగిపోవడం, ఒక రోజంతా ఏమీ మింగకపోవడం. రెండో కోడికి జబ్బు మొదలైనా, హఠాత్తుగా ఒకటి రెండు చనిపోయినా అది వేరే కథ. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు చనిపోయిన కోడిని ముట్టకుండా, కోయకుండా, పశువైద్యశాలకు వెంటనే తెలియజేయాలి. ఆస్పత్రి దూరమైతే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగండి.

డాక్టరు గారి దగ్గరకు వెళ్లేటప్పుడు కోడిని, రాసుకున్న తూకాలను, తిన్న మేత లెక్కను, అదే ఉదయం పడిన రెట్టను చిన్న మూత డబ్బాలో, మీరు పోసిన పైపరజిన్ సీసాను, రోజూ పెట్టే మేత ఒక గుప్పెడు తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ కావాలా, ఏది కావాలి, ఎన్నాళ్లు కావాలి అన్నది ఆయన వాటిని చూసి చెప్పనివ్వండి.